పాచికలచే పాత్రసృష్టి

తెలుగు సారస్వతమున పాచికకు మంచిపేరు లేదు. నన్నయభట్టారకుని సభాపర్వమున ధర్మరాజు పాచికలాటలో రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని నొడ్డి యోడెను. అరణ్యపర్వమున నలుడు పుష్కరునితో జూదమాడి కట్టుబట్టతో నడవులపాలయ్యెను. తిక్కన విరాటపర్వమున కంకుభట్టు వేషముననున్న ధర్మజుని విరటుడు కోపించి పాచికతో గొట్టగా ముక్కునుండి రక్తము స్రవించెను. వీనికన్న నెంతో ప్రాచీనమగు ఋగ్వేదము పదియవ మండలమందలి 34వ సూక్తముననే తాండ్రకాయలతో నాడిన జూదరి ఇల్లాలిని, ఇంటిని గోల్పోయి వగచుటయు, జూదము మాని పొలము దున్నుకొనుమను హితబోధయు గలవు. ఈ కథలన్నింట పాచిక చేయు పని యొక్కటియే. అది మనుష్యునకు గలదానిని హరించును.

హైదరాబాదునకు పడమట, హైటెక్ సిటీకిని గచ్చిబౌలికిని జేరువనున్న మణికొండ యొకప్పుడు రాతిగుట్టల నడుమనున్న చిన్న గ్రామము. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట నీ ప్రాంతమంతయు క్రమముగా బహుళాంతస్తుల గృహములతోడను, సాఫ్ట్‌వేరు వృత్తివారితోడను నిండెను. ఇట్టివారిలో గొందఱు సెలవుదినముల సాయంకాలములందు నలుగురైదుగురు మిత్రులు బల్లచుట్టు గూర్చుండి పాచికలు వేయుట నేర్చిరి. అచ్చట పందెము లేదు, గెలుపోటములు లేవు. పాచిక యచ్చట నొకరి సొత్తును హరింపదు. అంతవరకు లేని యొక మనుష్యునకు బలమును, బుద్ధిని, పుట్టినయూరిని, లోపమును నొసగి కల్పనాలోకమున నిలువబెట్టును. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అని వ్యవహరింపబడు నీ యాటకు పాత్రధారణక్రీడ యను పేరు ఈ వ్యాసమున వాడబడినది. ఆ క్రీడలో పాచికలచే పాత్ర యెట్లు పుట్టునో, ఆ పద్ధతికి భారతీయసంప్రదాయముతో నెట్టి చుట్టఱికము గలదో, దానివలన తెలుగుకథకు గలుగు ప్రయోజనమేమో విచారించుట యిందలి యుద్దేశము.

క్రీడాస్వరూపము

పాత్రధారణక్రీడలో నొకరు సూత్రధారులు. డంజన్ మాస్టరని వాడుక. తక్కినవా రొక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర యేమి పలుకునో, యేమి చేయునో నోటితో జెప్పుదురు. సూత్రధారుడు లోకమును వర్ణించును, ఎదురగు జనులను, మృగములను, భూతములను దానే పలికించును. ఫలము సందేహాస్పదమైనపుడు పాచిక నిర్ణయించును. వీధినాటకమువలె నిందు వేషములు గలవుగాని రంగము లేదు. కథ గలదుగాని ముందుగా వ్రాసిన గ్రంథము లేదు.

దీని పుట్టుక యుద్ధక్రీడలనుండి. 1824లో ప్రష్యాదేశపు సైన్యోద్యోగియగు రైస్విట్జ్ ప్రకటించిన క్రీగ్‌ష్పీల్ అను సైనికశిక్షణక్రీడలో యుద్ధమందలి యనిశ్చితత్వమును జూపుటకు పాచికలు వాడబడెను. అట్టి యాటలకు వారసులైన అమెరికాదేశపు క్రీడాకారులలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు సేనలకు మాఱుగా నొక్కొక్క వీరుని దీసికొని యాడు పద్ధతిని గ్రంథస్థము చేసిరి. 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను నా గ్రంథమే యీ జాతిక్రీడల కాదిగ్రంథము. సైన్యమున నూఱుమంది కొక్కటే గుర్తు చాలును. ఒక్క వీరుడు ప్రధానమైనపుడు మాత్రము వాడు తక్కినవారికంటె నెట్లు భిన్నుడో చెప్పవలసివచ్చును. పాచికలతో పాత్రను నిర్మించుట కిదియే కారణము.

ఆరు గుణములు, మూడు పాచికలు

ఆదిగ్రంథమున ప్రతిపాత్రకు నాఱు గుణములు చెప్పబడినవి: బలము, బుద్ధి, వివేకము, దేహదార్ఢ్యము, లాఘవము, ప్రభావము. ఒక్కొక్కదానికి ఆరుముఖముల పాచికలు మూడు వేసి, పడిన చుక్కలను గూడగా వచ్చిన సంఖ్యయే యా గుణపు ప్రమాణము. కావున గుణము 3కు దగ్గదు, 18ని మించదు. పాచికలు పడిన వరుసనే గుణములకు సంఖ్యలు చెందును. ఆడువాడు మంత్రవేత్త కాగోరినను బుద్ధికి 6 పడి బలమునకు 16 పడినచో, వాడు కోరిక మార్చుకొనవలెను, లేదా మందబుద్ధియగు మంత్రవేత్తగానే బ్రదుకవలెను.

ఒక్క పాచికకు మాఱుగా మూడు వేయుటలో గొప్ప విశేషము గలదు. ఒక్క పాచికలో నాఱు ముఖములును సమానముగా బడును. మూడు పాచికలు 216 రీతుల బడగలవు. అందు 3 వచ్చుటకు నొక్కటే రీతి, 18 వచ్చుటకును నొక్కటే. 10 వచ్చుటకు 27 రీతులు, 11 వచ్చుటకు 27 రీతులు గలవు. 9 మొదలు 12 వఱకుగల సంఖ్యలు 104 రీతుల వచ్చును, అనగా రమారమి నూటికి 48 మారులు. సగటు 10.5. లోకమున మధ్యములు పెక్కండ్రు, అసాధారణులు కొలదిమంది యను ననుభవము మూడెముకల కూడికలోనే యిమిడియున్నది. గుణముల నాఱింటిని వేసినపుడు వానిలో నొక్కటియైన 18 అగుట నూటికి మూడుమారులైన సంభవింపదు. అట్టి గుణము దొరకినపుడు బల్లచుట్టునున్నవారందఱు నుప్పొంగుటకు గారణమీ యరుదుదనమే.

పాచికల యాకారములుగూడ నీ లెక్కలోనివే. మొహెంజొదారో త్రవ్వకములలో దొరకిన ఘనాకారపు పాచికలపై 1కి ఎదుట 2, 3కు ఎదుట 4, 5కు ఎదుట 6 గుర్తింపబడియున్నవి. నేటి పాచికలలోనన్ననో యెదురెదురు ముఖముల కూడిక 7. భారతదేశమున పిమ్మట వ్యాపించిన పొడవైన పాచికలకు నాలుగు ప్రక్కలే వాడుక. పాత్రధారణక్రీడలో 4, 6, 8, 10, 12, 20 ముఖముల పాచికలు వాడుదురు. ఇందు 10 ముఖములది తప్ప తక్కినవి గ్రీకుల రేఖాగణితము నాటినుండి తెలిసిన సమఘనములు. ఇరువదిముఖముల పాచిక నవీనమనుకొనరాదు. ఈజిప్టున టాలమీల కాలమునను, పిదపను జేసిన యట్టి పాచికలు న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో నున్నవి.

దైవమునకు పగ్గములు

పాచిక పడినదే వ్రాత యను నియమము కఠినమైనది. ఒక పాత్ర కన్ని గుణములును 13కు మీఱి, ప్రక్కనున్న పాత్ర కన్నియు 8కి లోబడినచో, నెలల తరబడి సాగు నాటలో నా రెండవవానికి మనఃక్లేశము తప్పదు. కావున పిమ్మటి గ్రంథకర్తలు దైవమునకు గొంత గొంత పగ్గము వేయుచు వచ్చిరి. 1979లో గైగాక్స్ ప్రకటించిన సూత్రధారగ్రంథమున నాలుగు పాచికలు వేసి కనిష్ఠమైనదానిని విడిచి తక్కిన మూడింటిని గూడి, వచ్చిన యాఱు సంఖ్యలను దలచిన గుణముల కమర్చుకొను పద్ధతి చెప్పబడెను. ఇందువలన సగటు 10.5 నుండి 12.24కు బెరుగును. 18 వచ్చుటకు 1296 రీతులలో 21 రీతులు గలవు, కావున నాఱు గుణములలో నొక్కటియైన 18 అగుట నూటికి తొమ్మిదిమారులు తటస్థించును.

కొందఱు పాచికనే విడిచిరి. 1981లో వెలువడిన ఛాంపియన్స్, 1986లో స్టీవ్ జాక్సన్ ప్రకటించిన గర్ప్స్ అను క్రీడలలో ప్రతివానికి నిర్ణీతమైన మూలధన మొసగబడును. దానిని వెచ్చించి గుణములను గొనుక్కొనవలెను. 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ముద్రణమున మూడు మార్గములును గలవు: నాలుగు పాచికలు వేసి యొకటి విడుచుట, 15, 14, 13, 12, 10, 8 అను సిద్ధసంఖ్యలను బంచుకొనుట, 27 అంకెల మూలధనముతో గొనుట. సిద్ధసంఖ్యల మొత్తము 72. నాలుగు పాచికల పద్ధతిలో నాఱు గుణముల సగటు మొత్తము 73.47. పాచికను నమ్మినవానికి గ్రంథకర్తలు చూపిన లాభ మీపాటి స్వల్పమైనది. ఆ లాభముకొఱకు వాడు నష్టమునకు సిద్ధపడవలెను.

ఇందుకు విరుద్ధముగా దైవమునే ప్రధానము చేసిన గ్రంథమొకటి గలదు. 1977లో మార్క్ మిల్లర్ రచించిన ట్రావెలర్ అను క్రీడలో పాత్ర యాటలోనికి రాకముందే దాని పూర్వజీవిత మంతయు పాచికలచే నడచును. నాలుగేసి యేండ్ల యుద్యోగకాలములు గడచుచుండ, ప్రతికాలమునను బ్రదుకుటకు పాచిక వేయవలెను. అది తప్పినచో నాట మొదలు కాకమునుపే పాత్ర మరణించును. ఇంకొక యుద్యోగకాలమున నేర్పు గడింపవలెనన్న యాస యొకవైపు, చావు భయ మొకవైపు. నైపుణ్యము వయస్సునకును, అపాయమునకును వెల యిచ్చి కొనవలసినదను సత్యమును రెండు పాచికలే బోధించుచున్నవి.

వివరముల పట్టికలు, జాతకచక్రము

గుణసంఖ్యలు శరీరమువంటివి. పాత్ర కూపిరి వివరములలో నున్నది. వాడెచ్చట బుట్టెను, ఏ వృత్తినుండి వచ్చెను, ఎవరికి ఋణపడెను, దేనికి జంకును? వీనికై గ్రంథకర్తలు పట్టికలు గూర్చిరి. పాచిక వేసి, పడిన సంఖ్య కెదుట వ్రాసిన వాక్యమును గైకొనవలెను. 2014 నాటి గ్రంథమున 13 పూర్వవృత్తాంతములు గలవు. ప్రతిదానికి స్వభావమునకు 8, ఆదర్శమునకు 6, అనుబంధమునకు 6, లోపమునకు 6 వాక్యములు గల పట్టికలున్నవి. ఒక్కొక్క పట్టికనుండి యొక్కొక్క వాక్యమును గైకొన్నను నొక్క వృత్తాంతమునకే 1728 కూర్పు లేర్పడును. రెండు పాచికలలో నొకదానిని పదులుగా, వేఱొకదానిని ఒకట్లుగా జదివినచో 11 నుండి 66 వఱకు 36 స్థానముల పట్టిక సిద్ధించును. పదిముఖముల పాచికలు రెండైనచో నూఱు స్థానములది.

ఈ పట్టికలు భారతీయునకు గ్రొత్తగా దోపవు. జాతకచక్రమందలి పండ్రెండు భావములు, తను, ధన, భ్రాతృ, మాతృ, పుత్ర, శత్రు, కళత్ర, ఆయు, భాగ్య, రాజ్య, లాభ, వ్యయములు, ఒక మనుష్యుని గూర్చి యడుగదగు ప్రశ్నల పట్టికయే. పుట్టిన క్షణమున గ్రహమెచ్చట బడెనో యను దానినిబట్టి యొక్కొక్క గదిలో నొక్కొక్క ఫలము చదువబడును. పాత్రనిర్మాతకు గావలసిన ప్రశ్నలలో దాదాపు నన్నియు నీ పండ్రెండింట నున్నవి. పాచికలతోనే ఫలము చదువు సంప్రదాయమును గలదు. 1890లో మధ్యాసియాయందలి కూచాలో దొరకిన బోవర్ తాళపత్రాకారపు ప్రతిలో వైద్యగ్రంథములతోపాటు పాశకశాస్త్రముగూడ నున్నది. అందు 1 నుండి 4 వఱకుగల యంకెలు మూడేసి కూడిన కూర్పులకు ఫలములు చెప్పబడినవి. అట్టి కూర్పులు 64. గర్గునిపేర వ్యాపించిన పాశకకేవలి యను సంస్కృతగ్రంథ మీ శాఖలోనిదే. అంకె పడుట, పట్టిక చూచుట, వాక్యము చదువుట, ఆ వాక్యమును దన జీవితమున కన్వయించుకొనుట యను క్రమము రెంటను సమానము. భేదమొక్కటి గలదు. ప్రశ్నశాస్త్రమున నడుగువాడు ఫలము నిజమని నమ్మును. క్రీడలో నడుగువాడు దానిని నిజమగునట్లు కల్పించును.

ఒక యుదాహరణము

పద్ధతి స్పష్టపడుటకు కాకతి గణపతిదేవుని కాలపు తెలుగునేలను రంగముగా గొని, ఆఱేసి వాక్యముల పట్టికలు నాలుగు గూర్పవచ్చును.

జన్మస్థలము: 1. కృష్ణలోని లంక; 2. పల్నాటి మెట్ట, 3. నల్లమలలోని చెంచుగూడెము, 4. ఓరుగల్లు కోటవీధి, 5. మోటుపల్లి రేవు; 6. మంథెన యగ్రహారము.

వృత్తి: 1. చెఱువునీరు పంచు నీరటికాడు, 2. పెరికెడ్లపై సరకు దోలు వర్తకుడు, 3. శిల్పి, 4. పేరిణి నర్తకుడు, 5. అశ్వశాలలో కొలువుకాడు, 6. శాసనలేఖకుడు.

అనుబంధము: 1. తండ్రి చేసిన యప్పు, 2. తప్పిపోయిన చెల్లెలు, 3. గురువు ముగింపక విడిచిన గ్రంథము, 4. తీర్పని మ్రొక్కు, 5. ప్రాణము గాచిన శత్రువు, 6. వెలివేసిన స్వగ్రామము.

లోపము: 1. ముంగోపము, 2. జూదవ్యసనము, 3. వాచాలత; 4. చీకటి భయము, 5. మాట మరచుట, 6. మొగమోటము.

ఈ నాలుగు చిన్నపట్టికలనుండి 1296 మనుష్యులు పుట్టగలరు. మణికొండలో నొక యింట నీ పట్టికలతో నాడువారు మూడేసి పాచికలు వరుసగా వేసిరనుకొనుడు. బలము 8, బుద్ధి 13, వివేకము 11, దార్ఢ్యము 9, లాఘవము 15, ప్రభావము 6 పడినవి. మొత్తము 62. మూడు పాచికల పద్ధతిలో సగటు మొత్తము 63 గనుక వీడు సర్వసామాన్యుడు. పిదప పట్టికలకు వరుసగా 5, 1, 3, 6 పడినవి. మోటుపల్లి రేవున బుట్టిన నీరటికాడు, గురువు ముగింపని గ్రంథము చేతబట్టినవాడు, మొగమోటపువాడు.

ఇచ్చటనే యాలోచన ప్రారంభమగును. మోటుపల్లి సముద్రతీరము. 1244లో గణపతిదేవు డచ్చట సముద్రవర్తకుల కభయశాసన మొసగెను. ఉప్పుగాలిలో బుట్టినవాడు తెలంగాణపు చెఱువుకట్టపై నేల యున్నాడు? ఓడ మునిగి తండ్రి గతింపగా బంధువులతో లోనాడు చేరెననుకొనవచ్చును. నీటిచే నిల్లు గోల్పోయినవాడు నీటికే కావలి యయ్యెను. గురువు గ్రంథమేది? చెఱువులకు స్థలమును జూచుట, కట్టలు పోయుట, తూములు పెట్టుట గూర్చి యొక వృద్ధుడు వ్రాయ మొదలిడి విడిచిన తాళపత్రములు. బుద్ధి 13 గనుక శిష్యుడు వానిని జదువగలడు. ప్రభావము 6 గనుక వాని మాట నెవ్వరును లెక్కింపరు. ఇక మొగమోటము. నీరు పంచువాడు కాదనలేనివాడైనచో మొదటి మడివాడు రెండవ తడి యడుగును, కరణము బంధువు మూడవ తడి యడుగును, చివరి మడి యెండును. ఆ చివరి మడివాడు చచ్చెనో, వలసపోయెనో, కత్తిబట్టి వచ్చెనో సూత్రధారుడు నిర్ణయించును. ఈ నీరటికాడు ఊరు విడిచి సాహసికులతో గూడుటకు గారణ మచ్చట దొరకును. గ్రంథమున ముగింపని యధ్యాయము నీటిపంపకమును గూర్చినదే యైనచో కథ కొక గమ్యమును దొరకును.

ఈ మనుష్యుని నెవ్వరును ముందుగా దలపలేదు. కోరుకొనుమన్నచో నాడువాడు బలశాలియగు యోధునో, మహామంత్రవేత్తనో కోరుకొనియుండును. రేవును, చెఱువును, తాళపత్రమును, మొగమోటమును నొక్కచో దెచ్చినది పాచిక. వాని నడుమ నంటు గట్టినది మనుష్యబుద్ధి. పాచిక యర్థము నీయదు, అర్థమునకు గావలసిన చిక్కును మాత్రమే యిచ్చును.

లాక్షణికుల యాక్షేపము

అలంకారశాస్త్ర మభ్యసించినవారి కిందొక యాక్షేపము తోపక మానదు. కావ్యనాయకుని గుణములు యాదృచ్ఛికములు గారాదు. ఓరుగంటి ప్రతాపరుద్రుని నాయకునిగా జేసి విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రయశోభూషణమున కులీనత, ఔజ్జ్వల్యము, మహాభాగ్యము, ఉదారత, తేజస్విత, వైదగ్ధ్యము, ధార్మికత మొదలగునవి నాయకగుణములుగా జెప్పబడినవి. ధీరోదాత్తాది భేదములును శాస్త్రనిర్ణీతములే. అట్టిచో ప్రభావము 6 గలవాడు నాయకు డెట్లగును?

ఆక్షేపము బలవత్తరమే. ఐనను ఇతిహాసమే దీనికి గొంత సమాధానము చెప్పుచున్నది. అజ్ఞాతవాసమున పాండవులు తమ పాత్రలను దామే యెన్నుకొనిరి. కంకుభట్టు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు, మాలిని అను వేషములు వారి వారి నేర్పులకు దగినట్లు కూర్చుకొన్నవి. ఇది మూలధనము వెచ్చించి గుణములు గొను పద్ధతివంటిది. కాని యా యజ్ఞాతవాసమే సభలో పడిన పాచికలవలన వచ్చినది. ధర్మరాజు సింహాసనముపై నుండగా నెట్టివాడో లోకమునకు దెలియును. పరుని కొలువున రక్తము కార్చుకొనుచు, ఆ రక్తము నేలబడకుండ దోసిట బట్టు ధర్మరాజును జూపినది దైవోపహతి. గుణమును లక్షణశాస్త్రము చెప్పగలదు. గుణము పరీక్షింపబడుటకు యాదృచ్ఛికము కావలయును.

నలుని కథ యింకను దగ్గఱగా వచ్చును. శ్రీనాథుడు శ్రీహర్షు ననుసరించి శృంగారనైషధమును రచించినాడు గనుక నందు పాచికలాట రాదు. అందలి నలుడు సర్వగుణసంపన్నుడగు నాయకుడుగానే నిలిచిపోయెను. భారతమందలి నలుడన్ననో రాజ్యము, రూపము, పేరు గోల్పోయి బాహుకుడై ఋతుపర్ణునికడ సారథియయ్యెను. ఋతుపర్ణుడు త్రోవలోని తాండ్రచెట్టును జూచి దాని యాకులను, కాయలను లెక్కించి చెప్పగా, నలుడు రథమాపి లెక్కచూచి యచ్చెరువందెను. అశ్వహృదయమున కక్షహృదయము మార్పిడియయ్యెను. అక్షహృదయము తెలిసినంతనే కలి నలుని దేహము వీడెను. వేదకాలమున పాచికలుగా వాడిన కాయలు తాండ్రచెట్టువే యగుట, ఆ చెట్టుకడనే సంఖ్యావిద్య నేర్పబడుట యాదృచ్ఛికములు గావు. పాచికకు లోబడినవాడు దాని లెక్క నెఱిగినపుడు విముక్తుడగునని యా కథ చెప్పుచున్నది.

క్రీడ, జూదము

పాచిక యన్నంతనే జూదమని శంకించువారికి శాసనవిషయమును దెలియుట మంచిది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడిన 1974లోనే ఆంధ్రప్రదేశమున జూదనిషేధ శాసనము వచ్చెను. తెలంగాణరాష్ట్రమున 2017లో దానిని సవరించి, ధనము పందెముగా నాడు ఆన్‌లైను క్రీడలనుగూడ నందు జేర్చిరి. అంతకుపూర్వము 1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన యొక వ్యాజ్యెమున, రమ్మీయాటలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలసియుండుటచే నది ప్రధానముగా నేర్పుతో గూడినదని నిర్ణయించెను. నేర్పు, అదృష్టము అను నీ విభాగము దైవపౌరుషవాదమునకు న్యాయస్థానపు రూపము. పాత్రధారణక్రీడలో పందెమే లేదు గనుక నది జూదము గాదు. అందు పోవునదియు, వచ్చునదియు కథయే.

ఐనను జూదమునుండి యీ క్రీడ నేర్చుకొనవలసిన నీతి యొకటి గలదు. శకుని పాచికలు బంధువుల యెముకలతో జేసినవను కథ జనశ్రుతియేగాని వ్యాసభారతమున లేదు. కపటద్యూతమన్న నింద మాత్ర మితిహాసమునందే యున్నది. కపటమున్న పాచిక దైవమును గాదు, పౌరుషమును గాదు. గణకయంత్రములే జీవనాధారమైన మణికొండప్రాంతమున, క్షణములో వేయి సంఖ్యలు చెప్పగల సాధనము చేతనుండియు, క్రీడాకారులు బల్లపై నెముకలు దొరలింతురు. అందఱు చూచుచుండగా బడినదానిని అందఱు నొప్పుకొందురు. రహస్యముగా వేసి 18 పడెనన్నవాని పాత్రను నెవ్వరును బ్రేమింపరు. కావున గుణముల పాచికలు సభాసమక్షమున వేయవలెననుటయు, ఏ పద్ధతిని వాడవలెనో వేయకముందే యందఱు నిశ్చయించుకొనవలెననుటయు మంచి యాచారములు. ఒకని గుణముల మొత్తము మిక్కిలి తక్కువయైనచో మరల వేయనిచ్చుట దయయేగాని మోసము గాదు. ఆ దయయు ముందుగా జెప్పినదై యుండవలెను.

ఉపసంహారము

మణికొండకు జేరువనే గచ్చిబౌలియందలి హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున సి.ఆర్. రావు పేర 2007లో స్థాపింపబడిన గణిత, గణాంకశాస్త్ర పరిశోధనాసంస్థ యున్నది. బళ్లారిమండలమందలి హడగళిలో 1920లో బుట్టి, ఆంధ్రవిశ్వవిద్యాలయమున గణితము చదివి, 1945 నాటి వ్యాసముచే లోకప్రసిద్ధుడై, 2023లో గతించిన యా తెలుగువాడు యాదృచ్ఛికమును భయపడదగిన దానిగా గాక పనిచేయించుకొనదగిన దానిగా జూచెను. ఋతుపర్ణుని విద్య కిది యాధునికరూపము. ఆ సంస్థలో గణితమునకు గలుగు ప్రయోజనమే, ఇరుగుపొరుగు నిండ్లలో పాచిక లాడువారికి కథావిషయమున గలుగుచున్నది.

ఇందు తెలుగుభాషకు సంబంధించిన కొఱత యొకటి మిగిలియున్నది. పైన బేర్కొన్న క్రీడాగ్రంథములన్నియు నాంగ్లమున బుట్టినవి. వాని పట్టికలలో పాచిక వేసిన తెలుగుబిడ్డకు కోటబురుజుల ప్రభువులును, మంచుకొండల గుహలును, పానశాలల గాయకులును దొరకుదురు. నీరటికాడు దొరకడు, పెరికెడ్ల బేరగాడు దొరకడు. పట్టికలో లేని మనుష్యుడు పాచికలో బడడు. పట్టిక కూర్చువాడే లోకమున నెవ్వరెవ్వరు పుట్టవచ్చునో ముందుగా నిర్ణయించుచున్నాడు. దైవమని తోచినదాని వెనుక నొక గ్రంథకర్త చేయి యున్నది. శాసనములనుండి వృత్తులను, కైఫీయతులనుండి గ్రామవృత్తాంతములను, కావ్యములనుండి స్వభావములను, సామెతలనుండి లోపములను వెదకి యట్టి పట్టికలు గూర్చుట సాహిత్యపరిశోధకులకు దగని పని గాదు. వారు సేకరించిన పదసంపద నిఘంటువులలో నిలిచియున్నది. ఆఱు గళ్ల పట్టికలో జేరినచో నది యొక సెలవునాటి సాయంకాలమున నొక నోట బలుకబడును, ఒక పాత్రయై నడచును. చివరి మడి యెండిన నీరటికాని కథ ముగింపు నప్పుడు బల్లచుట్టు గూర్చున్నవారు తెలుగుననే చెప్పుకొందురు.